మొదటి నీళ్ళు

మొదటి నీళ్ళ సంగతి నేను మర్చిపోలేదు. మర్చిపోయానని చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉండేది, మతిమరుపు ఎవరికైనా ఉంటుంది కాబట్టి. కానీ నాకు గుర్తుంది. కలం పట్టుకుని ఆ కాగితం ముందు కూర్చున్నప్పుడు కూడా గుర్తుంది. అయినా రాయలేదు.

నేను పనిచేసేది మందుమొక్కలను పరీక్షించే లాబులో. జనం తరతరాలుగా వాడుతున్న ఆకులూ వేళ్ళూ బెరళ్ళూ మా దగ్గరికి వస్తాయి. అవి రోగాన్ని తగ్గిస్తాయా లేదా అన్నది మా పని కాదు. మనిషికి హాని చేస్తాయా చేయవా, అంతవరకే చూస్తాం. కషాయం కాచి, చిక్కబరిచి, ఎలుకలకు ఇరవై ఎనిమిది రోజులు పట్టిస్తాం. కొన్నింటికి తక్కువ మోతాదు, కొన్నింటికి ఎక్కువ, కొన్నింటికి వట్టి నీళ్ళు. రోజూ తూకం వేస్తాం, చివర్లో రక్తం తీస్తాం, కాలేయం ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాం. నన్ను చూడగానే ఎలుకలన్నీ బోనులో ఓ మూలకు చేరతాయి. వాటిని తప్పు పట్టలేను.

మా పెద్దాయనను వెనకాల అందరం అద్దాల సారు అంటాం. ఒక జత కళ్ళద్దాలు ముక్కు మీద, ఇంకో జత నెత్తి మీద పెట్టుకుని, మూడో జత కోసం బల్లంతా వెతుకుతుంటారు. ఒకరోజు ఆయన, "ఎంతసేపూ బజారు పొడులేనా? మనుషులు ఇళ్ళల్లో నిజంగా కాచుకుని తాగే ఆకు ఒక్కటైనా ఎవరైనా తీసుకురండి" అన్నారు. నేను చటుక్కున చెయ్యి ఎత్తాను.

"మా పెద్దమ్మ ఇస్తుందండీ, మోకాళ్ళ నొప్పులకి. ముప్ఫై ఏళ్ళ నుంచి ఇస్తోంది. ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు."

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పెరట్లో గోడ పక్కన నిలువెత్తు మొక్క ఒకటి ఉంది, చుట్టుపక్కల వాళ్ళందరూ దాన్ని మోకాలాకు అంటారు. పుస్తకాల్లో దానికున్న పేరు నేను ఒకసారి పలికితే, "దగ్గొచ్చిందా?" అని అడిగింది పెద్దమ్మ. తెల్లారేసరికి అరుగు మీద నలుగురైదుగురు మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉండేవారు. ఒక్కొక్కరికీ ఒక గ్లాసు. ఆకు ఎవరి చేతికీ ఇచ్చేది కాదు, తన గ్లాసుతో తన ఎదురుగా తాగాల్సిందే.

ఆవిడ కాచే తీరు చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. గిన్నె నిండా నీళ్ళు పోసి, ఆకు వేసి, తెర్లే దాకా ఉంచేది. తర్వాత రెండు గుడ్డలతో గిన్నె పట్టుకుని, మూత అడ్డం పెట్టి, ఆ నల్లటి నీళ్ళన్నీ బట్టలుతికే బండ పక్కన తూములో ఒంపేసేది. మళ్ళీ కొత్త నీళ్ళు పోసి, సగానికి మరిగించి, వడకట్టేది. జనం తాగేది ఆ రెండోది.

"ఎందుకు పెద్దమ్మా పారబోస్తావు?" అని అడిగాను ఒకసారి.

"మొదటి నీళ్ళు మనవి కావు."

అంతే చెప్పింది. పొయ్యి దగ్గర ఎవరూ తుమ్మకూడదనేది, గరిటె కుడివైపే తిప్పేది, పొంగితే గిన్నెను నాలుగు తిట్టేది. మొదటి నీళ్ళను కూడా నేను ఈ చాదస్తాల గుంపులోనే కలిపేశాను.

లాబులో ప్రతి మొక్కకూ ఒక ఫారం ఉంటుంది. అందులో "వాడుకలో ఉన్న తయారీ విధానం" అని ఒక గడి. నేను అది నింపుతుంటే అద్దాల సారు నా భుజం మీదుగా చూస్తున్నారు. ఒక గిన్నె నీళ్ళు కాచి పారబోయాలి, ఎందుకంటే అవి మనవి కావట, అని రాస్తే ఈయన ఏమనుకుంటారు? ఇంత చదువు చదివి గరిటె కుడివైపు తిప్పే ఇంటి నుంచి వచ్చిందా ఈ అమ్మాయి అనుకోరూ? నాకు సిగ్గేసింది. "శుభ్రం చేసిన ఆకును నీటిలో మరిగించి, సగానికి వచ్చాక వడకట్టాలి" అని రాసి కలం మూత పెట్టాను.

"క్లుప్తంగా ఉంది, బాగుంది" అన్నారు సారు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు.

పందొమ్మిదో రోజుకి ఎక్కువ మోతాదు ఎలుకలు మేత ముట్టడం మానేశాయి. బొచ్చు రేగిపోయి, ఒకదాని మీద ఒకటి పడి ముడుచుకున్నాయి. మొత్తం ఎనిమిది పోయాయి. మిగిలినవాటి కాలేయాలు చూస్తే కణాలు చెదిరిపోయి ఉన్నాయి. అప్పుడే నోరు విప్పాల్సింది. సారు దగ్గరికి రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ వేరే ఏదో అడిగి వచ్చేశాను. పని మొత్తం నా ఫారం మీద నడిచింది. ఇప్పుడు చెబితే, ఎందుకు రాయలేదని అడుగుతారు. దానికి నా దగ్గర సిగ్గు తప్ప వేరే జవాబు లేదు. అయినా మొదటి నీళ్ళ వల్లే అని ఏముంది, ఆకే చెడ్డదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నివేదిక కింద "సురక్షితం కాదు" అన్న ముద్ర పడింది.

పెద్దమ్మకి చెప్పక తప్పదు. అరుగు మీద జనం రోజూ తాగుతున్నారాయె.

"నీ ఆకు మంచిది కాదట పెద్దమ్మా. కాలేయాన్ని తినేస్తోంది."

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "ఎలా కాచారు?"

"నువ్వు కాచినట్టే."

ఆ రెండు మాటలూ నా నోట్లోంచే వచ్చాయి. ఎవరూ బలవంతపెట్టలేదు. నేను చదువుకున్నదాన్ని, ఆవిడ పెంచినదాన్ని, ఇంకో ప్రశ్న వేయకుండా నమ్మేసింది. పొయ్యి ఆర్పేసి, అరుగు మీద వాళ్ళకి చేతులు జోడించి ఇళ్ళకి పంపేసింది.

మర్నాటి నుంచి ఇంటింటికీ బయలుదేరింది. తన మోకాళ్ళే అంతంత మాత్రం. నేను సెలవు పెట్టి, గొడుగు పట్టుకుని వెంట నడిచాను. ప్రతి గుమ్మంలో ఒకటే మాట: "తెలియక ఇచ్చాను, నన్ను క్షమించండి, డాక్టరుకి ఒకసారి చూపించుకోండి." రిటైరైన పోస్టుమాన్ తాతయ్య, "నాకు ఎనభై రెండు. ఇప్పుడు నేను పోతే నీ మందు వల్లో, వయసు వల్లో ఎవడు తేలుస్తాడమ్మా?" అని నవ్వాడు. పెద్దమ్మ నవ్వలేదు.

ఆఖర్న టైలరు ఇంటికి వెళ్ళాం. టైలరు మామయ్య రెండేళ్ళ కిందట పోయాడు. కామెర్లు ముదిరాయన్నారు డాక్టర్లు. నా స్కూలు గౌన్లన్నీ ఆయనే కుట్టాడు, టేపు మెళ్ళో వేసుకుని కంటితోనే కొలతలు తీసేవాడు. "పెరిగే పిల్ల" అని లోపల రెండు అంగుళాల గుడ్డ మడిచి వదిలేవాడు. మిషను తొక్కి తొక్కి మోకాళ్ళు పాడై, చివరి రోజుల్లో పెద్దమ్మ మందు వాడాడు. ఇప్పుడు అదే మిషను మీద అత్తయ్య కూర్చుంటోంది.

అత్తయ్య లోపలికి రమ్మన్నా పెద్దమ్మ వెళ్ళలేదు. గడపకి ఇవతలే నిలబడింది.

"మీ ఆయన్ని నా మందే తీసుకుపోయిందేమోనమ్మా. పరీక్షలో అలా తేలింది. నన్ను క్షమించు."

అత్తయ్య చాలాసేపు పెద్దమ్మ ముఖంలోకి చూసింది. నా ముఖంలోకి కూడా చూసింది. నేను గొడుగు పిడి చూస్తూ నిలబడ్డాను.

"మీరిచ్చారని నమ్మి తాగించాను పిన్నిగారూ" అంది చివరికి. "ఇంక వెళ్ళండి."

మేము వీధి మలుపు తిరిగే దాకా మిషను చప్పుడు వినబడుతూనే ఉంది. గొడుగు ఆ గుమ్మంలోనే మర్చిపోయాం.

ఆ తర్వాత పెద్దమ్మ ముద్ద ముట్టడం తగ్గించేసింది. పలకరిస్తే ఊఁ అనేది, అంతే. వారం తిరిగాక ఒక సాయంత్రం లాబు నుంచి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని వేళ్ళు మడుస్తోంది. తన మందు తాగి, ఈ ముప్ఫై ఏళ్ళలో పోయినవాళ్ళను లెక్కపెడుతోందట. తొంభై ఏళ్ళు బతికిన ముసలమ్మను కూడా కలిపింది. తాపీమేస్త్రీని కూడా కలిపింది.

"మేస్త్రీ లారీ కింద పడి పోయాడు పెద్దమ్మా!"

"లారీ వస్తుంటే తప్పుకోలేకపోయాడంటే మోకాళ్ళు పట్టేసి ఉంటాయి. నా మందు అటు మంచీ చెయ్యలేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకు ఏడుపే వచ్చింది. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మొదట కాసేపు నీళ్ళు నమిలాను గానీ, ఒక మాట బయటపడ్డాక మిగిలినవి ఆగలేదు.

పెద్దమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"సిగ్గేసిందా?" అంది. "నా గురించేనా?"

నేను తల ఊపాను.

"ఎలుకలు ఎన్ని పోయాయన్నావు?"

"ఎనిమిది."

"అయ్యో పాపం" అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. "అంటే, మొదటి నీళ్ళు పారబోయకుండా తాగిస్తే ప్రాణం మీదికొస్తుందా?"

"అలాగే కనిపిస్తోంది. ఇంకోసారి చేస్తే గానీ గట్టిగా చెప్పలేను."

"అయితే మీ సారుకి చెప్పి మళ్ళీ చెయ్యి. మిగతా ఇళ్ళకి నేనే వెళ్ళి చెప్పుకుంటాను. కానీ ఒక్క మాట విను. టైలరు ఇంటికి మాత్రం నువ్వు వెళ్ళకు. అక్కడ నేనన్న మాట అలాగే ఉండనీ."

"అదేంటి? అందరికన్నా ముందు తెలియాల్సింది వాళ్ళకే కదా!"

"వద్దన్నానుగా."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కడానికి ముఖం చెల్లక అలా అంటోందనుకున్నాను. నిజానికి ఎక్కువ ఆలోచించలేదు. గుండెల మీంచి బండ దిగిన సంతోషంలో ఉన్నాను.

మర్నాడు సారుకి చెప్పాను. ఆయన ముక్కు మీద అద్దాలు తీశారు, నెత్తి మీదవీ తీశారు. అవి లేని ఆయన ముఖం నేను అంతకుముందు చూడలేదు. గొంతు పెంచలేదు.

"మీ పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళు చేసిన పరీక్షని ఒక్క పూటలో కొట్టిపారేశావన్నమాట" అన్నారు. తర్వాత కొత్త ఫారం నా ముందుకు తోశారు. "ఈసారి ఆవిడ గిన్నెను తిట్టినా సరే, రాయి."

నిజంగానే అన్నీ రాశాను. ఆకును పెద్దమ్మ చేతే కోయించి, ఆవిడ కాచినట్టే కాచాం. మొదటి నీళ్ళు విడిగా, రెండో కషాయం విడిగా, రెండూ కలిపింది విడిగా. రెండో కషాయం తాగిన ఎలుకలకూ వట్టి నీళ్ళు తాగిన ఎలుకలకూ ఏ తేడా లేదు. మొదటి నీళ్ళు తాగినవి మళ్ళీ అలాగే ముడుచుకుపోయాయి. విషమంతా మొదటి గిన్నెలోనే ఉంది. పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళుగా తూములో పారబోస్తున్నది దాన్నే.

నివేదిక చేతికొచ్చిన రోజు ఇంటికి కూడా వెళ్ళలేదు. సాయంత్రం నాలుగింటికి లాబు నుంచి నేరుగా టైలరు ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మ వద్దన్న మాట గుర్తుంది. నాకు అన్నీ గుర్తుంటాయి, అదే నా ఖర్మ. తప్పు ఒప్పుకోవడానికి వెళ్తున్నాను కాబట్టి ఎవరి మాటా వినక్కర్లేదనిపించింది. దారిలో కాస్త గర్వంగా కూడా ఉంది, దాచడమెందుకు.

అత్తయ్య కర్టెన్ అంచు కుడుతోంది. మా గొడుగు తలుపు వెనక మేకుకి తగిలించి ఉంది. మంచినీళ్ళిచ్చి, మళ్ళీ మిషను ముందు కూర్చుంది.

"తప్పు నాది అత్తయ్యా. పెద్దమ్మది కాదు" అని మొదలుపెట్టాను. దారి పొడుగునా వల్లె వేసుకున్నదే, ఆపకుండా చెప్పాను. "పెద్దమ్మ మొదటి నీళ్ళు పారబోస్తుంది. నేనది రాయలేదు, అందుకే పరీక్ష అలా వచ్చింది. హాని అంతా ఆ మొదటి నీళ్ళలోనే ఉంది. ఆవిడ ఇచ్చే గ్లాసులో ఏమీ లేదు. మామయ్యకి పెద్దమ్మ వల్ల ఏమీ కాలేదు."

అత్తయ్య చక్రం మీద అరచెయ్యి ఆనించింది. మిషను ఆగిపోయింది.

"పారబోస్తుందా?"

"ఆఁ. ప్రతిసారీ."

"మాకు గ్లాసుతో ఇవ్వలేదమ్మా" అంది నెమ్మదిగా. "వానల్లో ఆయన మెట్లు దిగలేకపోయారు. నేను వెళ్ళి బతిమాలితే ఆకు పొట్లం కట్టి ఇచ్చింది. ఇంట్లో నేనే కాచాను."

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మొదటిసారి దిగినవి నల్లగా, చిక్కగా ఉండేవి. సారమంతా అందులోనే ఉంటుందనుకుని ఆయనకి పోసేదాన్ని. ఆకు పారేయడం ఎందుకని మళ్ళీ నీళ్ళు పోసి కాచి, ఆ పల్చటివి నేను తాగేదాన్ని. నాకూ మోకాళ్ళే కదా."

"అత్తయ్యా, డాక్టర్లు కామెర్లన్నారు కదా. దానివల్లే అని ఎవరూ చెప్పలేరు. మామయ్యకి అంతకుముందే ఏదైనా ఉండి ఉండొచ్చు..." అంటున్నాను. అది అబద్ధం కాదు. కానీ నా సంచిలో కాగితం ఉంది, ఆవిడ కళ్ళు దాని మీదే ఉన్నాయి.

"చేదు, నా వల్ల కాదు అనేవారు" అంది. "చిన్నపిల్లాడికి పట్టినట్టు ముక్కు మూసి తాగించాను. నలభై రోజులు."

ఆవిడ ఏడ్చి ఉంటే ఏదో ఒకటి చేసేదాన్ని. ఏడవలేదు. ఒళ్ళోకి జారిన గుడ్డ ఎత్తి, సూది దాకా తీసుకెళ్ళి, మళ్ళీ దించేసింది. కర్టెన్ అంచు సగంలో ఆగింది. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ తలుపు వెనక నుంచి గొడుగు తీసి నా చేతికిచ్చింది.

ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ అరుగు మీదే ఉంది. నా చేతిలో గొడుగు చూసింది.

"వెళ్ళావు కదూ" అంది.

"పొట్లం సంగతి నాకు ఎందుకు చెప్పలేదు?"

"వెళ్ళొద్దని చెప్పాను. సరిపోతుందనుకున్నాను." గొడుగు నా చేతిలోంచి తీసుకుని గోడకి ఆనించింది. "ఆ రోజు గుమ్మంలో నేనన్నది నిజమనుకునే అన్నాను. నువ్వు మొదటి నీళ్ళ మాట ఎత్తాక అర్థమైంది ఏం జరిగిందో. పొట్లం ఇచ్చేటప్పుడు పారబోయమని చెప్పానో లేదో ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రావడంలేదు. చెప్పానంటే ఆ తప్పు ఆ అమ్మాయిదవుతుంది. అందుకని నాదే అనుకుందాం అనుకున్నాను. ఆ అమ్మాయి నన్ను తిట్టుకుంటూ బతికేసేది. నాకేం, ఇంకెన్నాళ్ళు?"

నేను అరుగు అంచున కూలబడ్డాను. నిజమే కదా చెప్పాను, అనబోయాను. నిజం కోసం వెళ్ళలేదు నేను. నా గొడవ వదిలించుకోవడానికి వెళ్ళాను.

"నీ బరువు దించుకున్నావు" అంది పెద్దమ్మ. కోపం లేదు ఆ గొంతులో. "ఎక్కడ దించావో చూశావా?"

లేచి చెప్పులు వెతుక్కుంది. నేను కూడా లేచాను.

"నేనూ వస్తాను."

"నువ్వు చెప్పాల్సింది చెప్పేశావుగా."

గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. మలుపు దగ్గర ఒకసారి ఆగి, మోకాలు రుద్దుకుని, మళ్ళీ నడిచింది. వీధి సద్దుమణిగే ఈ వేళప్పుడు ఆ మిషను చప్పుడు మా అరుగు దాకా వినబడుతుంది. చెవులు రిక్కించి చాలాసేపు కూర్చున్నాను, ఏమీ వినబడలేదు.

నివేదిక సంచిలోంచి సగం బయటికి జారి ఉంది. తయారీ విధానం నా చేతిరాతలోనే ఉంది, పేజీ నిండా. ఈసారి ఒక్క మాట కూడా వదల్లేదు నేను.